వెనక వరుస గొంతు

బీరువా రెండు తలుపులూ తెరిచి, వాటి మీద దుప్పట్లు కప్పి, పట్టుచీరల అర ముందు మైకు బిగించింది శ్రీవేద. చీరలు శబ్దాన్ని మింగేస్తాయట. గోడలకు తగిలి తిరిగొచ్చే మోత మైకులో పడదట. ఆ సందులో ఒక స్టూలు. స్టూలు మీద ఆమె తల్లి కుముదవల్లి.

మే నెల. తిరుపతిలో ఆ ఎండకు ఫ్యాను ఆపుకొని కూర్చోవడమంటే శిక్షే. ఫ్యానుతో పాటు ఫ్రిజ్ కూడా ఆపేశారు. కుముదవల్లి గాజులు తీసి కిటికీలో పెట్టింది. తాళి గొలుసు కదిలి చప్పుడు కాకుండా దానికి చేతిగుడ్డ చుట్టి జాకెట్టులోకి దోపుకుంది.

"పాటలు కాదమ్మా. క, కా, కి, కీ. ఒకే శ్రుతిలో, వణక్కుండా, జారకుండా" అంది శ్రీవేద.

"ఇదేం పాటే? ఒకటో తరగతి పిల్లకాయల పాఠం మాదిరి ఉండాది."

"నువ్వు అక్షరాలిస్తే చాలు. పాట అదే కట్టుకుంటుంది."

శ్రీవేద ఒక కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తుంది. సెలవు రోజుల్లో ఆమెకు ఇదొక పిచ్చి. మనిషి గొంతులోంచి ఒక్కో అక్షరాన్నీ శుభ్రంగా రికార్డు చేసి కంప్యూటరుకిస్తే, తర్వాత ఏ మాటలు రాసి ఏ స్వరాలు చూపినా ఆ గొంతుతోనే పాడుతుంది. తెలుగుకు అలాంటిది తనే చేయాలని ఆమె పట్టుదల. అందుకు తల్లి గొంతును ఎంచుకుంది.

"పాడేవాళ్లు ఊరినిండా ఉండారు కదా, నేనే ఎందుకే?"

"నీ గొంతులో సోకు లేదమ్మా. నువ్వు పాడుతుంటే పాటే వినిపిస్తుంది, నువ్వు కనపడవు."

కుముదవల్లి దాన్ని మెప్పుగానే తీసుకుంది.

పక్కింటి కుక్కరు కూసినప్పుడల్లా, స్టేషనులో రైలు అరిచినప్పుడల్లా, యాత్రికుల వ్యాను 'గోవిందా' అంటూ వీధిలో వెళ్లినప్పుడల్లా ఆపి మళ్లీ మొదలుపెట్టారు. ఆ బాధ కొన్నాళ్లకు అలవాటైంది. అలవాటు కానిది ఇంకొకటి ఉంది. ఇయర్‌ఫోనులో కంప్యూటరు తాళం టక్కుమన్నప్పుడు అక్షరం మొదలు కావాలి. కుముదవల్లి ప్రతిసారీ ఒక్క క్షణం ఆలస్యంగా అందుకునేది.

"ఎవరికోసం ఆగుతున్నావమ్మా?"

"ఎవరో ఒకరు ఎత్తుకోవాల కదే."

మాట అనేశాక తల్లీ కూతురూ నవ్వుకున్నారు.

కుముదవల్లిది పుత్తూరు. పెళ్లై తిరుపతిలో గుడి కైంకర్యం చేసే ఇంటికి వచ్చింది. ఆ ఇంట్లో పొద్దున ఆరాధనలో ఆళ్వార్ల పాశురం మామగారు ఎత్తుకునేవాడు. తర్వాత ఆయన తమ్ముళ్లు, ఆ తర్వాత కొడుకు, అంటే ఆమె భర్త శఠగోపం. ఆడవాళ్లు చివరి పాదానికి కలవాలి. వచ్చిన కొత్తలో ఒకరోజు కుముదవల్లి తెలిసిన పాశురమే కదా అని మొదటి మాటకే గొంతు కలిపింది. మామగారు ఆపి, ఆమె వైపు చూడకుండా మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. అంతే. ఆమె మళ్లీ తప్పు చేయలేదు. మామగారు పోయాక వీధిలోని ఆడవాళ్ల భజన మండలిలో చేరింది. అక్కడ ఎవరూ ఆమెను వెనక నిలబడమనలేదు. తనే వెళ్లి రెండో వరుసలో, మండలిని నడిపించే శకుంతలమ్మ వీపు వెనక నిలబడింది. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంది.

శ్రీవేద ఒక ఉపాయం చేసింది. ప్రతి అక్షరాన్నీ ముందు తన గొంతుతో ఇయర్‌ఫోనులో వినిపించి, తర్వాత తల్లిచేత పలికించింది. అప్పటికీ మిగిలిన ఆలస్యాన్ని కంప్యూటర్లో కత్తిరించింది. వానలు మొదలయ్యేసరికి పని పూర్తయింది.

ఒక ఆదివారం కుముదవల్లి వంటింట్లో చింతపండు పిసుకుతుంటే హాల్లో పాట వినిపించింది. మండలి సొంతంగా కట్టుకున్న మేలుకొలుపు అది. మొదటి మాటనుంచి ఒక్క గొంతే, నిదానంగా, తడబాటు లేకుండా పాడుతోంది. ఆమె చేతులు కడుక్కోకుండానే గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరే పాడతా ఉండేది?"

"నువ్వే."

"నేనా? మొదటి మాటా?"

"అన్ని మాటలూ నువ్వే."

పాట అయిపోయేదాకా ఆమె అక్కడే నిలబడింది. చింతపులుసు మోచేతిదాకా కారింది.

కార్తీకం చివర్లో శకుంతలమ్మకు గొంతు బొంగురుపోయింది. ఆమె సొంతూరు ఐరాల. భర్తతో కలిసి వీధి మొదట్లో చిల్లరకొట్టు నడుపుతుంది. మండలిలో అందరికీ అక్క. ఆ శనివారం భజన అయ్యాక కుముదవల్లిని పిలిచింది.

"మే కుముదా, డాక్టరు నెల దినాలు పాడొద్దన్నాడు. ధనుర్మాసం వస్తాండాది. ఈసారి ముందు నువ్వు నిలబడాల."

"నేనా? నా వల్ల యాడవుతాదక్కా?"

"ఇరవై ఏండ్లుగా నా ఈపెనకనే పాడతాండావు. పాట నాకన్నా నీకే బాగా తెలుసు."

"ఎనక అయితే పాడతాను. ముందు కాదు. సుజనకు చెప్పండి."

"సుజనకా? ఆ పిల్ల శ్రుతి ఎత్తుకుంటే గోపురం మీద పావురాలు లేసిపోతాయి."

అందరికన్నా ముందు సుజనే నవ్వింది. మండలిలో చిన్నది తనే. "లేసిపోతే పోనీలే అక్కా, మళ్లా వస్తాయి" అంది.

ఆ నవ్వుల మధ్య కుముదవల్లి చెప్పింది. "మా శ్రీవేద కంప్యూటర్లో పాడే గొంతొకటి చేసినాది. మన పాటలన్నీ దాంట్లో పాడించొచ్చు. అది ముందు పాడితే మనం అందుకుందాం."

శకుంతలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "ఎవరి గొంతు అది?"

"ఎవరిదీ కాదక్కా. మిషనుది."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే శ్రీవేద ఊరుకోలేదు. "అబద్ధమెందుకు చెప్పావు?"

"నాదంటే నన్నే పాడమంటారు."

"పాడితే ఏమవుతుందమ్మా?"

కుముదవల్లి బియ్యం కడగడానికి లేచింది.

ధనుర్మాసం మొదటిరోజు తెల్లవారుజామున మండలి వీధుల్లోకి బయల్దేరింది. ముగ్గులు ఇంకా తడిగా ఉన్నాయి. స్పీకరును గుడ్డసంచిలో పెట్టి సుజన భుజానికి తగిలించుకుంది. శకుంతలమ్మ మెడకు మఫ్లరు చుట్టుకుని, నోరు తెరవకుండా పక్కన నడిచింది. సంచిలోంచి గొంతు పాట ఎత్తుకుంది. ఆడవాళ్లు తాళాలు కలిపి అందుకున్నారు.

మొదటి వీధంతా బాగానే సాగింది. "భలే ఉండాదే గొంతు. రేడియోలో పాడేవాళ్ల మాదిరి" అని ముందు వరుసలో ఎవరో అన్నారు. వెనక వరుసలో కుముదవల్లి తన గొంతు వెనకే తను పాడుతూ నడిచింది. ఆమెకు సంతోషంగానే ఉంది. ఈ నెల ఇలా గడిచిపోతే చాలు, ముందుకు వెళ్లే అవసరం రాదు అనుకుంది.

రెండో వీధి మలుపులో ఒక ముసలామె ఏటా హారతి ఇస్తుంది. ఆ రోజూ పళ్లెంతో మెల్లగా మెట్లు దిగింది. గాలికి కర్పూరం ఆరిపోయింది. మళ్లీ వెలిగించడానికి అగ్గిపుల్ల గీసింది, అదీ ఆరిపోయింది. ఇలాంటప్పుడు శకుంతలమ్మ అదే పాదాన్ని తిప్పితిప్పి పాడుతూ నిలబడేది. కర్పూరం అంటుకున్నాకే ముందుకు కదిలేది. సంచిలో గొంతుకు ఆ సంగతి తెలియదు. తర్వాతి పాదానికి వెళ్లింది, ఆ తర్వాతి చరణానికీ వెళ్లింది. సగం మంది దానితో వెళ్లారు. సగం మంది ముసలామె కోసం పాత పాదం దగ్గరే ఆగారు. తాళాలు చెదిరిపోయాయి.

"ఏమ్మా, సామికి హారతన్నా ఇయ్యనీకుండా యాడికి పరిగెత్తతాండారు?" అంది ముసలామె.

సుజన కంగారుగా సంచిలో చెయ్యి పెట్టి గొంతు నొక్కేసింది. వీధి నిశ్శబ్దమైంది. కర్పూరం అప్పుడే అంటుకుంది. ముసలామె పళ్లెం పట్టుకుని చూస్తోంది. ఎవరైనా పాదం ఎత్తుకోవాలి. అలవాటుకొద్దీ అందరూ శకుంతలమ్మ వైపు తిరిగారు. శకుంతలమ్మ మాత్రం కుముదవల్లి వైపు చూసింది.

కుముదవల్లి నోట్లో మాట సిద్ధంగా ఉంది. శ్రుతి చెవిలోనే ఉంది. ఊపిరి తీసుకుని నోరు తెరిచింది. తెరిచి, ఆగింది.

సుజన ఎత్తుకుంది. చాలా పైన ఎత్తుకుంది. ఆడవాళ్లు గొంతులు చించుకుంటూ దాన్నే అందుకున్నారు. రెండో మాట దగ్గర కుముదవల్లి కూడా కలిసింది.

ఊరేగింపు ముగిశాక రామమందిరం అరుగు మీద పొంగలి పంచారు. శకుంతలమ్మ దొన్నె తెచ్చి కుముదవల్లి పక్కన కూర్చుంది.

"ఆ పెట్టెలో గొంతు నీదే కదా."

కుముదవల్లి దొన్నె అందుకుంది.

"ఇన్నేండ్లు నా చెవెనకాల ఇన్న గొంతు. నాకు తెలీదా? డాక్టరు చెప్పింది వారమే. నెల అని నేనే చెప్పినా."

"ఎందుకక్కా?"

"ఎందుకా?" శకుంతలమ్మ వీధివైపు చూసింది. సుజన ఎవరికో శ్రుతి గురించి చేతులు తిప్పుతూ చెబుతోంది. "తిను మే. సల్లారిపోతాది."

మర్నాడు ఎవరూ స్పీకరు తెమ్మనలేదు. సుజన ముందు నిలబడింది. శకుంతలమ్మ మళ్లీ పాడటం మొదలుపెట్టాక కూడా ముందుకు వెళ్లలేదు. "పిల్ల నేర్చుకుంటాండాది, కానీయండి" అని రెండో వరుసలో కుముదవల్లి పక్కన నిలబడింది. ఆ మాటతో ముందు చోటు సుజనదే అయిపోయింది. శకుంతలమ్మ తన పక్కనే పాడుతుంటే కుముదవల్లికి చోటు ఇరుకైనట్టుండేది. పక్కకు జరగడానికీ మనసొప్పేది కాదు.

వైకుంఠ ఏకాదశికి రెండు రోజుల ముందు సుజన కుముదవల్లి ఇంటికొచ్చింది.

"అక్కా, నా శ్రుతి మరీ పైకి పోతాండాదంట. మా ఇంట్లో కూడా నవ్వతాండారు. మీరు మొదటినుంచీ ఒకసారి పాడండి. ఫోన్లో పట్టుకుంటా, దాన్ని ఇనుకుంటా నేర్చుకుంటా."

కుముదవల్లి స్టవ్ ఆపింది. చేతులు తుడుచుకుంది. సుజన ఫోను ఆమె నోటి దగ్గర పెట్టి, పాడమన్నట్టు తల ఊపింది. పక్క గదిలో శ్రీవేద టైపు చేయడం ఆపింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

కుముదవల్లి ఫోనును మెల్లగా సుజన వైపు తిప్పింది.

"నువ్వు ఎత్తుకో" అంది కుముదవల్లి. "యాడ తప్పుతాండావో నేను చెప్తాను."

సుజన ఎత్తుకుంది. రెండో మాట దగ్గర కుముదవల్లి కలిసి, ఆ పాటను మెల్లగా కిందికి దించింది. సుజన ఆమెను పట్టుకుని దిగింది. ఇద్దరూ చివరిదాకా పాడారు.

"దొరికిందక్కా!" అని ఫోను చూసుకుంటూ వెళ్లిపోయింది సుజన. సాయంత్రం ఇద్దరి గొంతులూ కలిసిన ఆ రికార్డును మండలి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సుజన గొంతు ఎంత బాగుపడిందో అని అందరూ రాశారు, చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. శకుంతలమ్మ ఏమీ రాయలేదు. కుముదవల్లి కూడా ఒక బొమ్మ పెట్టి, ఫోను పక్కన పడేసి, ఆపిన స్టవ్ మళ్లీ వెలిగించింది.