బొట్టు కాడ

కొత్త సెట్టు కొనాలా వద్దా అనే మాట మా ఇంట్లో పుట్టి చాలా కాలమైంది. సెట్టు అంటే టీవీ కాదు, స్టీలు గిన్నెల సెట్టూ కాదు. హామ్ రేడియో. మిద్దె మీద తీగ కట్టుకొని, సర్కారు ఇచ్చిన లైసెన్సుతో గాల్లోకి మాటలు పంపి, గాల్లోంచి మాటలు పట్టుకునే యంత్రం. కర్నూల్లో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. ఈ వయసులో నాకిదేం పిచ్చి అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. ఫోన్ ఉంది కదా అంటారు. బజార్లో పచ్చడి దొరుకుతుంది కదా, మీ ఇంట్లో ఆ జాడీలెందుకు అని నేనెప్పుడైనా వాళ్లను అడిగానా?

మా ఆయనది ఆదోని వైపు. సెట్టును నా సవతి అంటాడు. పొద్దున్నే దాని ముందు కూర్చుంటే, "మీ యక్క లేసిందా?" అని అడిగి పేపరు పట్టుకొని వరండాలోకి పోతాడు. కొత్తది కొనే విషయంలో మాత్రం ఆయన అడ్డం చెప్పలేదు. "దుడ్లు పోతే పోనీలేవే, తీసుకో. ఆ పాతదాని గురక వినలేక సస్తాండా" అన్నాడు. వెనకాడింది నేనే.

పాత సెట్టు నేను చేతులారా చేసుకున్నది. రేకు పెట్టె, లోపల అక్కడా ఇక్కడా సంపాదించిన సామాను, ముందు చేత్తో అంకెలు రాసి అంటించిన కాగితం డయల్. ఆ అంకెలు ఎప్పుడో వెలిసిపోయాయి. పనిచేస్తుంది, కాదనను. కానీ దానికొక జబ్బు ఉంది. వేడెక్కేకొద్దీ జారుతుంది. నేను ముల్లును ఒకచోట పెట్టి వదిలేసినా, ముల్లు అక్కడే ఉంటుంది గానీ లోపల స్టేషన్ మెల్లగా కిందికి పోతూ ఉంటుంది. అవతల వినేవాళ్లకు నా గొంతు సన్నబడి సన్నబడి, చిలక పలుకులా తయారై, ఆఖరికి మాయమవుతుంది. వాళ్లు తమ డయల్‌ను కిందికి తిప్పుకుంటూ నన్ను వెతుక్కోవాలి. ఎంతమంది వెతుక్కుంటారు? ఒకటి రెండు సార్లు మర్యాదకు వెతికి, "మేడమ్, మీ సెట్టు బాగు చేయించుకోండి" అని చెప్పి పోయేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నిజం చెప్పినవాళ్ల మీదే ఒళ్లు ఎక్కువ మండుతుంది.

విసుక్కోకుండా నా వెంట వచ్చింది ఒక్కరే. కమలాపురం ఆపా.

ఆపా నాకంటే కొంచెం పెద్దది. వాళ్లాయన కమలాపురంలో బోరు మోటార్లకు తీగ చుట్టే షాపు నడిపేవాడు. ఆయన పక్కన కూర్చొని ఆమె కూడా చుట్టడం నేర్చుకుంది. ఆయనకు రేడియో పిచ్చి. ఆ పిచ్చీ ఆమెకు అంటుకుంది. ఇద్దరూ కలిసి చదివి, పరీక్ష రాసి, లైసెన్సులు తెచ్చుకున్నారు. ఆయన పోయాక షాపు వేరేవాళ్ల చేతికి పోయింది గానీ, రేడియో ఆపా దగ్గరే ఉండిపోయింది. నాకు ఆమె మొదట గాల్లోనే పరిచయం. గాల్లో మాకు లైసెన్సుతో ఇచ్చిన కాల్ సైన్లే గానీ పేర్లతో పని లేదు. ఆమె నన్ను "ఏమ్మే" అనేది, నేను అక్కా అన్నట్టు "ఆపా" అనేదాన్ని. దాంతోనే సరిపోయింది.

నేను సెట్టు చేసుకుంటున్న రోజుల్లో అందులోకి ఒక తీగచుట్ట కావలసి వస్తే, చుట్టి బస్సులో పంపింది ఆపానే. ఎంత నాజూకుగా చుట్టిందో, పెట్టె మూత వెయ్యబుద్ధి కాలేదు. కాకపోతే దాన్ని ప్లాస్టిక్ పైపు ముక్క మీద చుట్టింది. వేడికి ఆ పైపు ఉబ్బుతుంది. సెట్టు జారడానికి కారణం అదేనని తర్వాత ఇద్దరికీ అర్థమైంది. వేరేది చుట్టి పంపుతానని ఆమె, వద్దని నేను. అప్పుడు ఆపా ఒక తీర్పు చెప్పింది.

"చుట్టింది నేను. జారేది నువ్వు. నా తప్పు నేనే మోస్తా. నువ్వు కదలాకు, నేనే నీ వెంట వస్తా."

అదే మా మధ్య కట్టుబాటైంది. ఇద్దరం వెతుక్కుంటే ఒకరినొకరు దాటుకుని పోతాం. అందుకే నేను నా నాబ్ ముట్టుకోకూడదు. ఆమె కుడి చేత్తో మైకు పట్టుకొని, ఎడమ చేత్తో డయల్‌ను రవ్వరవ్వ కిందికి తిప్పుకుంటూ నా వెంట వచ్చేది. ఉల్లిగడ్డల ధరా, నీళ్లొచ్చే రోజులూ, ఉగ్గానిలో మిరపకాయ ఎక్కువైన సంగతీ, అన్నీ అలా జారుతూనే మాట్లాడుకున్నాం.

కలుసుకునే చోటు గుర్తుండడానికి నా డయల్ మీద ఒక స్టిక్కర్ బొట్టు అంటించాను. ఎర్రది, చిన్నది. ఆ మాట చెప్తే ఆపా పడీపడీ నవ్వింది. "నాకూ ఒగటి పంపీ" అంది. ఒక అట్ట పోస్టులో పంపాను. తన డయల్ మీదా ఒకటి అంటించుకుంది. "మా ఇంట్లో బొట్టు పెట్టుకునేది ఈ రేడియో ఒగటే" అని కూతురికి కూడా చెప్పి నవ్వించిందట. అప్పటి నుంచి ఏ పొద్దు ముగించినా మా చివరి మాట అదే. "రేపు బొట్టు కాడ."

పోయిన ఏడాది నుంచి ఆపా "మల్లా చెప్పు" అనడం ఎక్కువైంది. "నీ గొంతు పీపాలోంచి వచ్చినట్ల ఉండాదిమ్మే" అనేది. ఆమె చెవులు మందగిస్తున్నాయని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం నా సెట్టునే తిట్టేవాళ్లం. కొత్త సెట్టు మాట మా ఇంట్లోకి వచ్చింది అప్పుడే. నేను కాగితాలు తెప్పించుకున్నాను, బొమ్మలు చూశాను, ఈ కంపెనీదా ఆ కంపెనీదా అని గీచి గీచి చూశాను. ఇంత చిన్న కబుర్లకు అంత పెద్ద సెట్టెందుకని ఒకరోజు, ఆపాకు స్పష్టంగా వినబడుతుంది కదా అని ఇంకో రోజు. అలా నెలలు పోయాయి.

ఒక పొద్దున ఆపా మామూలు గొంతుతోనే చెప్పింది. "నన్ను కడపకు తోలుకపోతాండారమ్మే. బిడ్డ ఇంటికి. అపార్ట్‌మెంటు. పైన తీగ కట్టనీరంట, సంఘమోళ్లు ఒప్పుకోరంట."

ఎప్పుడని అడిగాను.

"శుక్రవారం బండి వస్తాది. ఆ పొద్దున తీరిగ్గా మాట్లాడుకుందాం. బొట్టు కాడికి రా" అంది.

ఆ ఆఖరి మాటలైనా ఆమెకు "మల్లా చెప్పు" అనే పని లేకుండా వినబడాలనిపించింది. నా బుద్ధి అక్కడ పనిచేసింది. అక్కడే పనిచెయ్యకుండా ఉండాల్సింది. ఊళ్లో నాలాగే ఇంకో హామ్ ఉన్నాడు, బ్యాంకు ఉద్యోగి. అతని దగ్గరికి కొత్త సెట్టు వచ్చిందని తెలిసి ఫోన్ చేశాను. "కొన్నాళ్లు వాడి చూడండి మేడమ్, నచ్చితే మీక్కూడా తెప్పిస్తా" అని అతనే తెచ్చి బల్ల మీద పెట్టి, తీగ తగిలించి పోయాడు. ముల్లు లేదు, కాగితం డయల్ లేదు. గాజు మీద వెలిగే అంకెలు. మాట్లాడి చూస్తే హుబ్బళ్లి నుంచి ఒకాయన, "పక్కింట్లో కూర్చొని మాట్లాడినట్టుందమ్మా" అన్నాడు. మురిసిపోయాను. మా ఆయన తొంగి చూసి, "కొత్త సవతి సక్కంగా ఉండాదే" అన్నాడు.

ఆపాకు చెప్పలేదు. పొద్దున్నే ఒక్కసారిగా నా గొంతు విని ఆశ్చర్యపోవాలి. "ఎవరమ్మే ఇది?" అనాలి. ఆ మాట వినాలని పిల్లకాయలా ఎదురుచూశాను.

బొట్టు ఏ అంకె దగ్గర ఉందో జాగ్రత్తగానే పట్టుకున్నాను. పాత సెట్టును వేసిన వెంటనే ముల్లును బొట్టు మీద పెట్టి, అది ఎక్కడ పలుకుతోందో కొత్త సెట్టులో చూసి, ఆ అంకెను గుర్తు పెట్టుకున్నాను. సైన్సు టీచర్ని, కొలతలో తప్పు చేస్తానా? చెయ్యలేదు. కొలత సరిగ్గానే ఉంది.

శుక్రవారం పొద్దున ఆమె నమాజు అయ్యే వేళకు సెట్టు ముందు కూర్చున్నాను. పిలిచాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. ఆకాశం నిర్మలంగా ఉంది, దూరాల నుంచి ఎవరెవరో వినబడుతున్నారు, కమలాపురం మాత్రం లేదు. అక్కడ కరెంటు పోయిందేమో అనుకున్నాను. ఆమెకు బ్యాటరీ ఉందని గుర్తొచ్చింది. సామాను సర్దుతున్నారేమో అనుకున్నాను. ఒకసారి అటూ ఇటూ వెతుకుదామని నాబ్ మీద చెయ్యి కూడా వేశాను. "నువ్వు కదలాకు" అన్న మాట గుర్తొచ్చి తీసేశాను. నేను అటు వెళ్లినప్పుడే ఆమె ఇటు వస్తే? ఇన్నేళ్లూ ఆమే వచ్చింది, ఇప్పుడూ వస్తుంది. కదలకుండా కూర్చొని పిలుస్తూనే ఉన్నాను. కాఫీ చల్లారిపోయింది, ఎండ కిటికీలోకి వచ్చింది, ఆమె రాలేదు. చివరికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

ఫోన్ సామానుల సంచి అడుగున ఉండిపోయిందట. సాయంత్రం కడప నుంచి ఆపానే చేసింది. స్పీకర్ పెట్టుకుని, గట్టిగా మాట్లాడుతూ.

"ఏమ్మే, పొద్దున యాడికి పోయినావు?"

"యాడికీ పోలేదు ఆపా. బొట్టు దగ్గరే ఉన్నాను. నువ్వు?"

"నేనూ బొట్టు కాడనే ఉండా. నువ్వు లేవు. జారినావేమో అని కిందికి పోయినా. లేవు. ఇంగా కిందికి పోయినా. తీగ ఇప్పేటోళ్లు మిద్దెక్కి, ఇప్పమంటావా అమ్మా అని అరిసేదాకా పోతానే ఉండా."

నాకు అప్పుడు వెలిగింది. రోజూ నేను పాత సెట్టు వేసి, కాఫీ పెట్టుకుని వచ్చి, అప్పుడు మాట్లాడేదాన్ని. ఆ కాఫీ మరిగేలోపే అది వేడెక్కి జారిపోయేది. ఆపా తన బొట్టును అంటించింది నేను మొదలుపెట్టిన చోట కాదు, నేను వినబడిన చోట. నా బొట్టు పైన, ఆమె బొట్టు కింద. ఇన్నేళ్లూ రెండూ ఒకటే అనుకున్నాం. జారుడే మమ్మల్ని కలుపుతూ వచ్చింది.

కొత్త సెట్టు సంగతి చెప్పాను.

"అది జారదా?"

"జారదు ఆపా."

"రవ్వ గూడా?"

"రవ్వ కూడా."

"అదీ సంగతి. నేను పైకి సూడనే లేదమ్మే. నువ్వు ఎప్పుడన్నా పైకి పోయినావా ఏంది, సూసేదానికి?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏడ్చాను. నీకు నా గొంతు బాగా వినబడాలనే తెచ్చానని చెప్పాను.

"పీపాలోంచి వస్తే మాత్రం నీ గొంతు కాదా?" అంది.

ఆ పొద్దున ఏం చెప్పాలనుకున్నావని అడిగాను. "ఏముండాదిమ్మే, దినామూ సెప్పేదే" అంది. ఆ దినామూ చెప్పేదే నాకు కావలసింది. ఇప్పటికీ అదే కావాలి. పెద్ద మాటలేవీ పోలేదు కదా అని మా ఆయన ఓదారుస్తాడు. పోయింది చిన్న మాటలేనని ఆయనకెలా చెప్పాలో తెలియడం లేదు.

ఆ సెట్టును తిరిగి ఇచ్చేస్తానని, కొత్తది ఇక కొననని, పాతదే ఉంచుకుంటానని ఆపాకు రోషంగా చెప్పాను. ఎవరి మీద రోషమో నాకే తెలియదు. ఆపా ఒప్పుకోలేదు.

"పిచ్చిదానా, కొనుక్కో. ఆ పాతదాని ఎంబడి తిరిగేదానికి ఇంగ ఎవరుండారు? జారినావంటే ఎవరొస్తారు నీ కోసం?"

కొన్నాను. అదే రకం, సరికొత్తది. పాత సెట్టు ఇప్పుడు బీరువా మీద ఉంది, బొట్టు దాని ముఖాన అలాగే ఉంది. ఆపా రేడియో కడపలో అటక మీద, దుప్పటి చుట్టి పెట్టారట. అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటాం. ఆమెకు సగం వినబడదు, మిగతా సగం పక్కన కూతురు అందిస్తుంది. ముగించేటప్పుడు ఇద్దరం ఒక్క క్షణం ఆగుతాం. రేపు ఎక్కడ అని చెప్పడానికి ఏమీ ఉండదు.

కొత్త సెట్టు గురించి అందరూ మెచ్చుకుంటున్నారు. పొద్దున్నే కూర్చొని ఎంతసేపు మాట్లాడినా గొంతు మారడం లేదంటున్నారు. ఎండలు ముదిరాయి, గది కుంపటిలా ఉంటోంది, అయినా పెట్టిన అంకె పెట్టినట్టే ఉంటుంది. రవ్వ కూడా జారదు. నా వెంట ఎవరూ రావలసిన పని లేదిప్పుడు.