మా ఉస్తాద్ ఒప్పుకోని పేరు

మా ఉస్తాద్ చనిపోయిన సంగతి నాకు ఒక ఫ్లెక్సీ చెప్పింది. రెండు నెలల కిందట, వారం ఊళ్లో లేక తిరిగొచ్చి బస్సు దిగితే, టేకులపల్లి సెంటర్‌లో. అందులో మాకు కుస్తీ నేర్పిన ఆయన ఫొటో చిన్నది, సంతాపం తెలిపే ఇప్పటి జిమ్ ఓనర్ ఫొటో పెద్దది.

ఆ ఓనర్ ఒకప్పుడు కుస్తీ నేర్చుకోవడానికి మా తాలీంఖానాకే వచ్చాడు. మా దగ్గర కొత్తవాడు చెప్పులు బయటే విడిచి, ముందు నలభై రోజులు కుస్తీ పట్టే గోదాలో మట్టి తవ్వాలి. కుస్తీ ఆ తర్వాతే. ఇతను రెండు రోజులు తవ్వి, మూడో రోజు నుంచి పాలేరును పంపాడు. నలభై రోజులు నిండాక ఇతను లంగోటా బిగించి వస్తే, ఉస్తాద్ "నువ్వు బయట కూసో బిడ్డా, తవ్వినోడు వచ్చిండు" అని పాలేరు చెయ్యి పట్టుకుని గోదాలోకి దింపారు.

ఆయన చిన్నచూపు నన్నూ వదల్లేదు. నేను ఎరువుల దుకాణంలో పద్దులు రాసేవాణ్ణి. ఒక్క పోటీ గెలవలేదు. "కింద పడుడు మాత్రం మస్తుగ నేర్సిండు" అనేవారు. ఆ నేర్పుతోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను.

నిరుడు ఓనర్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. తాలీంఖానా జాగాలో జిమ్ కడతాడట. పంచాయతీ సరేనందట.

"పేరేంది?"

"పలెస్ట్రా, ఉస్తాద్. లాటిన్."

"అంటే?"

"అర్థం గిర్థం ఎవరడుగుతరు? స్టైల్‌గుంటది."

ఉస్తాద్ నా వైపు చూశారు. డిక్షనరీ ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణని ఆయనకు తెలుసు. రాత్రి ఫోన్‌లో లాటిన్ డిక్షనరీ చూసి, మర్నాడు పొద్దున ఆ మాట అర్థాలు ఆయనకు చదివాను.

"కుస్తీ నేర్చుకునే చోటు."

"గా చోటు ఊరికున్నది."

"కుస్తీ విద్య."

"గది నాకున్నది."

"మాట్లాడటంలో తర్ఫీదు."

"గది వానికున్నది."

"తర్ఫీదు వల్ల ఒంటికీ మాటకూ వచ్చే పొందిక."

ఆయన గోదా మట్టి ఇంత తీసి చేత్తో నలిపారు. "గది ఎవనికున్నదిరా?" అన్నారు. తర్వాత, "నేనున్నన్ని రోజులు గోదా ముట్టనియ్య. నేను పోయినంక నువ్వు చెప్పాలె" అన్నారు.

"అవ్ ఉస్తాద్" అన్నాను. నలుగురిలో నోరు విప్పని మనిషికి అప్పగించారు.

సంతాప సభలో ఓనర్ అరగంట మాట్లాడాడు. జిమ్ కట్టడం ఉస్తాద్ కన్న కల అన్నాడు. నేను లేచాను. "గోదా ముట్టద్దన్నడు ఉస్తాద్. ఆ లాటిన్ మాటకు మొదటి అర్థం కుస్తీ నేర్చుకునే చోటు. మనకది మట్టి. మట్టి తీసేస్తే ఆ పేరే అబద్ధమైతది" అన్నాను.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఓనరే. "అన్న ఎంత మంచిగ చెప్పిండు. బోర్డు మీద రాయిద్దాం" అన్నాడు.

పేరు కింద 'కుస్తీ నేర్చుకునే చోటు' అని రాయించాడు కూడా. ఎదురు తిరిగినవాణ్ణి ఎలా పట్టాలో ఉస్తాద్ నేర్పారు. చప్పట్లు కొట్టేవాణ్ణి ఎలా పట్టాలో నేర్పలేదు.

ఇప్పుడు అక్కడ కింద రబ్బరు షీటు, చుట్టూ అద్దాలు. తమను తాము చూసుకుంటూ, అడుగు ముందుకు పడకుండా గంటసేపు పరుగెత్తేవాళ్లు. నువ్వుల నూనె, పసుపు, మజ్జిగ కలిపి ఆయన ఏళ్ల తరబడి మెత్తగా ఉంచిన మట్టిని జేసీబీతో ఎత్తి వెనక రోడ్డు పక్కన పోశారు.

నిన్న గట్టి వాన. ఆ మట్టికుప్ప నుంచి పసుపుపచ్చటి నీళ్లు, పైన నూనె మెరుస్తూ, రోడ్డుకు అడ్డంగా పారాయి. నాట్లకు పోతున్న ఆడవాళ్లు ఒక్క క్షణం ఆగి, చెప్పులు విడిచి చేతపట్టుకుని, నెమ్మదిగా దాటిపోయారు.