సేక్కాన్ రేవులో తాతకిచ్చిన ప్రమోషన్

చేతిదాకా వచ్చిన సీటును పోగొట్టుకోవాలంటే తక్కువ మార్కులు చాలవు, నాకున్నంత తెలివి కూడా ఉండాలి. నాలుగేళ్ల కిందట ఆ తెలివితో నా చదువునీ, ఇంటి పరువునీ ఒకే పూట ఎలా ముంచబోయానో చెబుతాను. మీరు నవ్వండి, నాకిప్పుడు అలవాటైపోయింది.

మాది బర్మాలోని యాంగోన్, అంటే పాత రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ అనే పేట; తాతల కాలంలో వలసొచ్చిన తెలుగువాళ్లం. నాన్న టాక్సీ నడుపుతాడు, అమ్మ జాకెట్లు కుడుతుంది. ఇద్దరూ హైస్కూలు దాటలేదు. ఫీజంతా తామే భరిస్తామన్న ఒక అమెరికా కాలేజీకి దరఖాస్తు పెట్టాను. అది రాకపోతే నా చదువు అక్కడితో సరి.

దరఖాస్తులో జాతి అడిగారు. "తెలుగుకి గడి లేదు నాన్నా" అన్నాను.

"ఆసియా అని కొట్టీసి ఒగ్గీయ్" అన్నాడు నాన్న.

"జాతి చూసి సీటివ్వరట. ఇంటి సంగతులు మాత్రం శ్రద్ధగా చదువుతారట."

మా ఇళ్లలో పరాయివాళ్లు ఇంటి సంగతులు ఆరా తీసేది పెళ్లిచూపులప్పుడే. "అయితే గొప్పగా సెప్పాల మరి" అని అమ్మ తీర్పిచ్చేసింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న పెద్దలు సీటుకెన్ని ఆడాలో చెప్పలేదు గనక నేను మూడింటితో సరిపెట్టాను. నాన్న బీఏ, అమ్మ బీఏ, చనిపోయిన తాత మా ఊరి సేక్కాన్ రేవులో ఆఫీసరు. మొహమాటం కొద్దీ ఆయన్ని మంత్రిని చేయలేదు.

కొన్నాళ్లకు వీడియోలో ఇంటర్వ్యూ. ఆ కాలేజీలోనే చదివిన డో సాన్ అనే బర్మా ఆవిడ మాట్లాడుతుందన్నారు. అమ్మ నా తలలో మల్లెపూలు పెట్టి, లాప్‌టాప్ ముందు కాజాల పళ్లెం ఉంచింది. "తినరే, గాని కనబడాల" అంది. దరఖాస్తు గొడవేమీ తెలియని నాయనమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"మీ తాతగారు రేవులో ఏం చూసేవారు?" అని ఇంగ్లీషులో అడిగింది డో సాన్.

"బియ్యం ఎగుమతులు. పెద్ద ఆఫీసర్."

నాయనమ్మకు ఇంగ్లీషు రాదు గానీ ఆఫీసరంటే తెలుసు. "ఎవులే ఆఫీసరు?"

"తాత. నువ్వూరుకో."

ఊరుకుంటే నాయనమ్మ ఎందుకవుతుంది? తెర మీద బర్మా మొహం చూసి, శుభ్రమైన బర్మా భాషలో మొదలుపెట్టింది. "ఆఫీసరు కాదమ్మా, మూటలు మోసేవాడు. నేను అక్కడే చిరిగిన గోనెలు కుట్టేదాన్ని. ఆ గోనెల మీద అచ్చేసిన అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నాను. నా కొడుక్కీ, ఈ పిల్లకీ నేల మీద బొగ్గుతో నేనే దిద్దించాను."

నేను లాప్‌టాప్ వదిలేసి నాయనమ్మ వైపు తిరిగాను. నా తొలి అక్షరాలు ఆమె దగ్గరే నేర్చుకున్నాను, ఆమె ఎక్కడ నేర్చుకుందో ఒక్కసారీ అడగలేదు. గోనెసంచుల్ని బడిగా చేసుకున్న మనిషి ఇన్నేళ్లూ నా పక్కనే పడుకుంది. ఆ క్షణంలో సీటు సంగతే మర్చిపోయాను.

డో సాన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మరి అమ్మానాన్నల బీఏలు?" అని బర్మాలోనే అడిగింది.

"అవీ అంతేనండి."

"ఇంట్లో కాలేజీ మెట్టెక్కే మొదటి పిల్లల కోసం వాళ్లు వెతుకుతుంటే, నువ్వు వెళ్లి దాక్కున్నావు. రేపే నిజం రాసి, క్షమించమని అడుగు. నేను విన్నది నేనూ రాస్తాను. ఆపైన వాళ్లిష్టం."

ఇంటర్వ్యూ ముగిశాక నాయనమ్మ మీద ఏడ్చాను. "కాసేపు ఊరుకోలేకపోయావా?"

"మనువయ్యాక తెలిస్తే ఏటి సేద్దువే?" అంది.

నిజం రాసి పంపాను. రెండు నెలలు అన్నం సహించలేదు. చివరికి సీటొచ్చింది. ఉత్తరం అడుగున ఎవరో చేత్తో రాశారు, మీ నాయనమ్మగారికి మా నమస్కారాలు అని. చదివి వినిపించాను. ఆమె "ఇంతకీ సీటు నీకొచ్చిందా, నాకా?" అని అడిగింది.

అందుకని సింహాచలం అప్పన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా రేవువాళ్లు తాతకివ్వని ప్రమోషన్ నేనిక జన్మలో ఇవ్వను. ఇవ్వక తప్పకపోతే, నాయనమ్మ సంతకం తీసుకునే ఇస్తాను.