నాన్న ఎడమచేతి లైనింగ్

మా ఇంట్లో ఎప్పుడూ కార్ల మాటలే. సొంత కారు మాత్రం మాకెప్పుడూ లేదు. నాన్నకి బెజవాడ ఆటోనగర్లో చిన్న పెయింటింగ్ షెడ్డు ఉండేది. సొట్టలు తీయించుకుని వచ్చిన కార్లకు రంగు వెయ్యడం ఆయన పని. రంగు కొట్టేవాళ్ళు ఆ వీధినిండా ఉన్నారు, కానీ లైనింగ్ కావాలంటే నాన్న దగ్గరికే వచ్చేవాళ్ళు. లైనింగ్ అంటే కారు పక్కన గీసే సన్నని గీత. ముందు లైటు దగ్గర కుంచె ఆనించి, కారు వెంటే నడుస్తూ, వెనక లైటు దాకా ఒక్క ఊపిరిలో లాగాలి. మధ్యలో కుంచె ఎత్తితే అతుకు తెలిసిపోతుంది. నాన్న లుంగీ పైకి మడిచి కట్టుకుని ఆ నాలుగడుగులు నడుస్తుంటే షెడ్డులో ఎవరూ దగ్గేవాళ్ళు కూడా కాదు.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి కాస్త పక్కకి పోయింది గానీ మాట పోలేదు. తిట్టడానికి దేవుడు అదొక్కటీ ఉంచాడని అమ్మ అనేది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక కాలు కొద్దిగా స్వాధీనంలోకొచ్చింది, గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచేవాడు. చెయ్యి మాత్రం రాలేదు. వ్యాయామం చేయించడానికి వచ్చినాయన ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ కుడి చేత్తో నొక్కమన్నాడు. ఆయన గేటు దాటగానే నాన్న ఆ బంతిని కిటికీలోంచి విసిరేశాడు. అది నేరుగా పోయి ఎదురింటి డాబా మీద పడింది.

నాకు ముందు కోపమొచ్చింది, తర్వాత బుర్ర వెలిగింది. విసిరింది ఎడమ చేత్తో. ఆ చేతికి ఏ జబ్బూ లేదు, పైగా గురి కూడా ఉంది.

"ఎడమ చేత్తో గియ్యొచ్చు కదా నాన్నా?" అన్నాను.

"కొత్తగా రంగేసిన బండికి లైనింగ్ అంటే పెళ్ళికూతురికి బొట్టు పెట్టినట్టే. ఎడమ చేత్తో పెడతారటే బొట్టు?" అన్నాడు.

అన్నం కూడా ఎడమ చేత్తో తినేవాడు కాదు. చెంచా ఇస్తే పక్కకి నెట్టేసేవాడు. చిన్నపిల్లాడికి పెట్టినట్టు అమ్మ కలిపి ముద్దలు పెట్టేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి ఆయన. నేనూ ఆయన కూతుర్నే, నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇద్దరి మధ్యా అమ్మ నలిగిపోయేది.

షెడ్డు బాబాయి చూసుకుంటున్నాడు. అప్పటికి లైనింగ్ బదులు అంటించే స్టిక్కరు చుట్టలు వచ్చేశాయి. లైనింగ్ కావాలని వచ్చినవాళ్ళకి బాబాయి అవి అంటించి పంపుతున్నాడని తెలిసిన రోజు నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాఫీకి లేవలేదు, అన్నానికి లేవలేదు. "ఇంక నేనెందుకే?" అన్నాడు, గోడతోనే అన్నట్టు. నాకు చాలా భయమేసింది. ఈ మనిషి మళ్ళీ కుంచె పట్టకపోతే ఆ మంచం మీదే అయిపోతాడు, అందులో అనుమానం లేదు. ఏం చేసైనా సరే పట్టించాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. ఎట్లా అన్నది మాత్రం తెలీదు.

అప్పట్లో నేను బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో బిల్లులు రాసేదాన్ని. మా పక్కనే బొమ్మల కొట్టు. దాని పై అరలో, ఎండకి వెలిసిపోయిన అట్టపెట్టె ఒకటి చాలాకాలంగా ఉంది. పెట్టె మీద పాతకాలపు అమెరికా కారు బొమ్మ. పడవంత పొడుగు కారు, వెనకాల రెండు రెక్కలు చేప తోకలా లేచి ఉన్నాయి. నాన్న గోడవైపు తిరిగి పడుకున్న మర్నాడు దాన్ని అడిగి దింపించాను.

"అది ఆడుకునే బొమ్మ కాదమ్మా," అన్నాడు కొట్టాయన. "అన్నీ ముక్కలే. మనమే అంటించుకోవాలి, మనమే రంగేసుకోవాలి. పట్టుకెళ్ళినవాళ్ళు విరిగిపోయింది ఇచ్చావని నన్ను తిట్టి వెనక్కి తెచ్చిచ్చారు. ఇంకోటి కూడా ఉంది, కావాలా?"

రెండూ పట్టుకొచ్చాను.

ఆదివారం పొద్దున నాన్న మంచం పక్కనే పీట వేసుకుని పెట్టె విప్పాను. కొమ్మకి కాయల్లాగా చట్రాలకి ముక్కలు వేలాడుతున్నాయి. చక్రాలు, సీట్లు, చిటికెన వేలి గోరంత అద్దాలు, వంద తునకలైన ఇంజిను. నెయిల్ కట్టరుతో ఒక్కొక్కటీ కత్తిరించి, గరుకు కాగితంతో అంచులు రుద్ది అంటించడం మొదలుపెట్టాను. ముందు పైనున్న బాడీని కింద చాసిస్ మీద పెట్టి జిగురు రాయబోయాను.

"ఇంజిను దింపకుండా బాడీ మూస్తావటే?" అని వెనకనుంచి కేక.

"నాకేం తెలుసు? తెలిసినవాళ్ళు గోడ చూస్తున్నారు."

కాసేపటికి మంచం కిర్రుమంది. ఆయన ఇటు తిరిగాడు. ఆ రోజు మధ్యాహ్నానికల్లా నేను కూలీని, ఆయన మేస్త్రి అయిపోయాం. ముక్కని ఎడమ చేత్తో పట్టుకుంటాడు, నేను జిగురు రాస్తాను, ఆరేదాకా కదపకుండా ఉంటాడు. ఆ చెయ్యి ఎంత నిలకడగా ఉందో చూసి నాకు ఆశ పుట్టింది. పైకి అనలేదు. అంటే మానేస్తాడు.

రంగు దగ్గర మాత్రం మా కొంప మునిగింది. "కుంచెతో పూస్తే చారలు పడతాయి. షెడ్డుకి పట్టుకెళ్ళి బాబాయి చేత స్ప్రే గన్నుతో కొట్టించు. కారుకి కారు రంగే వెయ్యాలి" అన్నాడు నాన్న. బాబాయి ముచ్చటపడి మంచి ఎర్ర రంగు, షెడ్డులో వాడే థిన్నరుతో పల్చగా కలిపి కొట్టాడు. మా కళ్ళముందే కారు చెమటలు పట్టింది. పైకప్పు కుంగింది, రెక్కలు వంగాయి, తలుపులు నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయాయి. ఇనుముకి వేసే థిన్నరు ప్లాస్టిక్కుని తినేస్తుందని, ఇంతమంది కార్ల రంగుల వాళ్ళం, ఒక్కరికీ తట్టలేదు. ఆటోనగర్లో పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ అట్లాంటి తప్పు చెయ్యరు.

అది తీసుకెళ్ళి భయపడుతూ నాన్న చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "లారీ గుద్దిందా?" అని అడిగి, ఆ వంకర మూతితోనే నవ్వడం మొదలుపెట్టాడు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు. ఒక కారు పోతే పోయిందనుకున్నాను.

రెండోదానికి తలుపులకి వేసే ఎనామిల్ రంగు తెచ్చి, టర్పెంటైన్లో కలిపి, పల్చగా పొర మీద పొర వేశాం. నాన్న చెప్పడం, నేను వెయ్యడం, ఆరాక గరుకు కాగితం నీళ్ళలో ముంచి రుద్దడం. ఆ అమెరికా కారుని బెజవాడ టాక్సీగా మార్చేశాం. చీపురు పుల్లలతో పైన క్యారియరు కట్టాను. జాకెట్టు ముక్కతో వెనక అద్దానికి కర్టెన్లు వేశాను. సైకిల్ ట్యూబు కత్తిరించి చక్రాల వెనక బురద రేకులు పెట్టాను. స్టీరింగ్ అంటించే వేళకి నాన్న అడ్డుపడ్డాడు.

"ఇదేంటే, ఎడమ పక్కకొచ్చింది?"

"వాళ్ళ దేశంలో అంతే నాన్నా."

"మన రోడ్డు మీద ఎట్టా తిరుగుద్ది? కోసి ఇటు పెట్టు."

"పెట్టను. అట్లాగే ఉంటుంది. ఎడమ స్టీరింగ్ బండికి ఎడమ చేత్తో లైనింగ్ గీస్తే ఏ శాస్త్రం అడ్డొస్తుందో చెప్పు. ఇది బండి కూడా కాదు, బొమ్మ. బొమ్మకి కూడా గియ్యనంటే నువ్వు గియ్యలేక సాకులు చెబుతున్నట్టు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది అని అమ్మ కళ్ళతోనే చెప్పింది. మర్నాడు పొద్దున నాన్నే, "షెడ్డులో నా కుంచె ఉంటుంది, నూనె గుడ్డలో చుట్టి. తెమ్మని బాబాయికి చెప్పు" అన్నాడు.

నేననుకున్నంత తేలిగ్గా ఏం జరగలేదు. ఆ చెయ్యి నిలబెడితే నిలుస్తోంది, కదిలిస్తే గీత పాములా పోతోంది. రెండు వారాలు పాములే గీశాం. ఇద్దరం అరుచుకున్నాం. ఒకరోజు విసుగొచ్చి, "నన్ను కదలమంటావేంటే, ఆ బండినే కదపరాదా?" అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన మోచేతి కింద బాలీసు పెట్టాను. పటం అద్దం మీద కారు పెట్టి, పక్కన స్కేలు ఆనించి, నిలబడ్డ కుంచె ముందునుంచి కారుని మెల్లగా తోశాను. ముందు లైటు నుంచి చేప తోక దాకా తెల్లటి గీత, వెంట్రుకంత సన్నగా, ఎక్కడా వణుకు లేకుండా పడింది. ఆ మధ్యాహ్నం నాన్న చెంచా అడిగాడు. అమ్మ కాస్త ఎక్కువ నెయ్యి వేసింది.

దసరా ముందు హనుమాన్ జంక్షన్ నుంచి ఒకాయన వచ్చాడు. అక్కడ టాక్సీలు తిప్పుతాడు, నాన్నకి పాత బేరం. ఆయన అంబాసిడర్‌కి బాబాయి రంగు కొట్టాడు. "స్టిక్కరొద్దండీ, రెండెండలకి ఊడిపోద్ది. మేస్త్రిగారు గీస్తేనే లైనింగ్, లేకపోతే వద్దు" అని కూర్చున్నాడట. సంగతి వినగానే నేను ఆటో పిలిచాను. నాన్న రానంటే రానన్నాడు. చొక్కా తెచ్చి తొడిగాను. గీసేది ఎడమ చేత్తో అని ముందే చెప్పాల్సిందేనని నాన్న పట్టుబట్టి, షెడ్డులో దిగగానే టాక్సీ ఆయనకి చెప్పేశాడు.

"మీరు కాలితో గీసినా నాకు పర్లేదండీ" అన్నాడాయన.

అక్కడే నా లెక్క తప్పింది. పీట మీద కూర్చుని బొమ్మకి గియ్యడం వేరు, నిలబడి నడుస్తూ గియ్యడం వేరు. నాన్న ముందు లైటు దగ్గర కుంచె ఆనించాడు. ఒక అడుగు వేశాడు, రెండో అడుగుకి కుడి కాలు మడత పడింది. కుంచె చక్రం మీదకి జారింది, ఆయన నేలమీద కూలబడ్డాడు. లేపడానికి పోయిన బాబాయి చెయ్యి విదిలించి కొట్టాడు. "ఇంటికి పదండి" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. బాబాయి తలొంచుకుని స్టిక్కరు చుట్ట కోసం అలమార తెరిచాడు.

"అది లోపల పెట్టు బాబాయ్!" అని అరిచాను. షెడ్డంతా ఉలిక్కిపడింది. ఇంటికి తీసుకెళితే ఇంకోసారి ఆ మంచం మీదనుంచి లేపలేనని నాకు తెలుసు. "బండి న్యూట్రల్లో పెట్టండి. నాన్న కదలక్కర్లేదు. బండే కదులుతుంది."

బాబాయికి అర్థం కాలేదు. నాన్నకి వెంటనే అర్థమైంది. స్టూలు అడిగాడు. మోచెయ్యి ఆనించుకోవడానికి ఖాళీ రంగు డబ్బాలు పేర్చి, పైన గోనెపట్టా మడిచి వేయించుకున్నాడు. బండి పొడవునా సుద్ద రాసిన దారం లాగి గుర్తు కొట్టించాడు. చక్రం కింద రాళ్ళూ నట్లూ లేకుండా చీపురుతో ఊడిపించాడు. నేను లోపల కూర్చుని స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను, నాకు డ్రైవింగ్ ఒక్క ముక్క రాకపోయినా. బాబాయి, టాక్సీ ఆయన వెనక చేతులు వేశారు.

"మెల్లగా. ఆపకుండా" అన్నాడు నాన్న.

బండి కదిలింది. నా పక్క కిటికీ అంచు కింద నాన్న నెత్తి కనపడుతోంది, జుట్టు కూడా కదలడం లేదు. కుంచె ముందు తలుపు దాటింది. వెనక తలుపు దాటుతుండగా బాబాయి చెప్పు జారి బండికి చిన్న కుదుపు తగిలింది. మళ్ళీ సర్దుకుని కుంచె వెనక లైటు దాకా పోయి ఆగింది. నేను దూకి వచ్చి చూశాను. ఇంత పొడుగు గీత, తీగ లాగినట్టుంది. వెనక తలుపు దగ్గర మాత్రం, వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలీనంత వంపు.

"అద్భుతమండీ," అన్నాడు టాక్సీ ఆయన. "అదా? దుమ్ము పడితే అసలే కనపడదు."

"ఈ మాత్రానికి ఎవరూ చూడర్లే అన్నయ్యా" అన్నాడు బాబాయి, చెమట తుడుచుకుంటూ. చాలు నాన్నా, ఇంటికి పోదాం అని నేను కూడా అనబోయాను. నాకు అదే చాలు అనిపించింది.

నాన్న ఆ వంపు వైపు చాలాసేపు చూశాడు. కిరసనాయిల్ గుడ్డ ఇమ్మన్నాడు. ఇచ్చాను. ఎడమ చేత్తో దాన్ని మడిచి, వెనక లైటు పక్కన గీత చివర గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

"వెనక్కి లాగండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"లాగమంటున్నానా? వంకర లైనింగుతో నా షెడ్డులోంచి బండి బయటికి పోదు."

నా షెడ్డు అన్నాడు. నేను గబగబా వెళ్ళి స్టీరింగ్ పట్టుకున్నాను. బండి వెనక్కి జరుగుతుంటే, పడ్డ కష్టమంతా ఆ గుడ్డలోకి పోయింది. ముందు లైటు దగ్గర ఆపించి, గుడ్డ పారేసి, కుంచె రంగులో ముంచుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. స్టీరింగ్ వదలకూడదు కాబట్టి కళ్ళు తుడుచుకోలేదు.

"ఏం చూస్తున్నారు?" అన్నాడు నాన్న. "నెట్టండి."