వాకిట్లో రెండు కుప్పలు

నూజివీడు వైపు మాకు కాస్త మామిడి తోట ఉంది. అక్కా నేనూ కాయలు పంచుకునేటప్పుడు లెక్కపెట్టం. ఒకరు రెండు కుప్పలు వేస్తే, రెండోవారు చూసి కోరుకోవాలి. తోడబుట్టినవాళ్ళ మధ్య లెక్కలేమిటని నాన్న పెట్టిన పద్ధతి. ఆయన నిశ్చింతగా వెళ్ళిపోయారు. ఏటా వేసవికి నా ప్రాణం పోతోంది.

నిరుడు చిన్నరసాలు ఒక కుప్ప ఒద్దికగా పేర్చాను. రెండోదానికి వచ్చేసరికి నా నడుము ఇక వంగనని భీష్మించింది. గంపలు అలాగే కుమ్మరించేశాను. కాయలు దొర్లుకుంటూ హనుమాన్ జంక్షన్ దాకా పరుచుకున్నాయి. అక్క ఆ పరుచుకున్న కుప్పే కోరుకుంది. చింతలపూడిలో తన ఇంటికి వెళ్ళి సర్దుకుంటే, నేలమీద సముద్రంలా కనిపించినవి బుట్టల్లో అడుక్కి చేరాయట. కావాలనే పరిచానంది. ఏడాదిగా ఫోన్లో కూడా మాటల్లేవు. నన్ను ఒరేయ్ అని పిలిచే మనిషి ఇక ఆవిడొక్కతే.

ఈ ఏడు బావగారు నచ్చజెప్పి తీసుకొచ్చారు. మళ్ళీ తేడా వస్తే ఇక మా గడప తొక్కదని ముందే నా చెవిన వేశారు.

కుప్పలు రెండూ కవలపిల్లల్లా వేశాను. అక్క ఒకదాని దగ్గర నిలబడితే రెండోది పెద్దదిగా కనిపించింది. అటు వెళ్తే ఇటుది పెరిగింది. ఆవిడ అలా తిరుగుతుంటే నా మోకాళ్ళు అరిగాయి, ఉన్న నాలుగు వెంట్రుకలూ నెరిశాయి, తోట మరోసారి పూతకొచ్చినట్టనిపించింది. వంటింట్లో ఉన్న మా ఆవిణ్ణి ఎంతసేపైందని అడిగాను.

"కుక్కరింకా ఒక్క విజిలన్నా వెయ్యలేదండీ" అంది.

చివరికి అక్క కుప్పల మధ్య కూలబడింది. నేనూ కూలబడ్డాను. కింద కూర్చుంటే రెండూ కొండల్లాగే ఉన్నాయి.

"నా కళ్ళు నన్నే మోసం చేస్తున్నాయిరా. నిరుడూ ఇంతేనా?"

"ఇంతేనక్కా. నడుం పట్టేసి కుమ్మరించేశా."

"ఆ మాటేదో అప్పుడే ఏడవొచ్చుగా."

ఏది పెద్దదో చూడకుండానే చేతికందిన కుప్పలోంచి బుట్టలోకి వేసుకోవడం మొదలుపెట్టింది. కాసేపటికి, తలెత్తకుండానే అంది:

"ఒరేయ్, మళ్ళీ ఏటికి కుప్పలు నేనేస్తా. నువ్వు ఎండలో నిలబడి కోరుకుందువుగాని."

మళ్ళీ ఏటికి అంది. నేను గోడకు జారగిలబడి కళ్ళు మూసుకున్నాను.