ఉప్పుకు వెళ్లిన ఏనుగు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కోవిల్‌పట్టి నుంచి ఫోన్ వచ్చింది, మా అక్క పోయిందని. డెబ్బై ఆరేళ్ల మనిషికి ఏడుపు వెంటనే రాదు. నాకు ముందు ఒక పలక గుర్తొచ్చింది.

నా భార్య చనిపోయాక, మూడేళ్ల కూతురిని తీసుకెళ్లి అక్క ఒళ్లో కూర్చోబెట్టాను. అక్కకు పిల్లలు లేరు. నాది విరుదునగర్ బడిలో చరిత్ర పంతులు ఉద్యోగం, శని ఆదివారాలే రాగలను. అక్క ఒకటే అడిగింది.

"పిల్లని నేను చూసుకుంటాలేరా. నువ్వు నాకి తెలుగు అచ్చరాలు నేర్పియ్యి. నీ పొస్తకాలు దానికి చదివి చెప్పొద్దా?"

వేసవి సెలవుల్లో నేర్పిస్తానని మాటిచ్చాను. ఆ వారమే ఆమె పలక కొనుక్కుంది. ఈ వయసులో అక్షరాలు నేర్చుకుని ఏ ఆఫీసుకు పోతావని బావ ఎగతాళి చేశాడు. సెలవులొచ్చాయి. నేను నా పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పలక చివరికి నీళ్ల కుండ మీద మూత అయింది.

తరతరాలుగా తమిళనాట ఉన్న మా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, చదవరు. బడి అంతా తమిళమే. నేనొక్కణ్ని పట్టుబట్టి నేర్చుకున్నాను, ఆ గర్వం చాలాకాలం మోశాను. మా తెలుగు సంఘం పెద్దలు ఏటా తెలుగు బ్యానరు కట్టి, మైకులో మాతృభాషను పొగుడుతారు. ఒక ఏడాది దాన్ని తలకిందులుగా కట్టారు. సభ ముగిసేదాకా ఎవరూ కనిపెట్టలేదు. అక్క పదహారో రోజు కర్మకు ఆ పెద్దలే వచ్చి, పాపం చదువు లేకపోయినా మంచి మనిషి అన్నారు. ఆ మాట నేను అంతకన్నా హీనంగా అన్నవాణ్ని.

మద్రాసు నుంచి పాపకు బొమ్మల పుస్తకాలు తెచ్చేవాణ్ని. ఒకదాంట్లో పడవ ఎక్కిన ఏనుగు ఉంది. అక్క అగ్గిపెట్టెలకు బొమ్మకాగితాలు అతికించే పని ఇంటికి తెచ్చుకుని చేసేది. పని కాగానే చేతుల బంక కడుక్కుని పుస్తకం తెరిచేది. అక్షరాల మీద వేలు కూడా నడిపేది. చదవడం ఎలా ఉంటుందో నన్ను చూసి నేర్చుకుంది. కథ మాత్రం బొమ్మలోంచి తీసేది.

పాపకు ఐదేళ్లప్పుడు ఒక శనివారం ఆ పుస్తకం నేను చదివాను. పొగరుబోతు ఏనుగు పడవ ముంచుకుని బుద్ధి తెచ్చుకున్న కథ అది. పాప నన్ను ఆపింది.

"నాయనా, తప్పు చదువుతుండావు. ఈ ఏనుగు వాళ్లత్తకి ఉప్పు తెచ్చేకి తూత్తుకుడికి పోతుండాది."

నాకు రోషం వచ్చింది. "మీ అత్తకి చదవ తెలీదు. అది చెప్పిందంతా అబద్ధం" అన్నాను.

అక్క అక్కడే బంక కలుపుతోంది. తలెత్తలేదు. "అవునమ్మా, నాయన చదివిందే నిజం" అంది. పాప ఏడ్చింది. మరి ఆ ఉప్పు ఏమైందని ఏడ్చింది. నా పుస్తకంలో ఉప్పు లేదు.

మళ్లీ వెళ్లేసరికి పుస్తకాలన్నీ అటక ఎక్కాయి. నెల తర్వాత అక్క చేతిలో ఒక కొత్త పుస్తకం కనిపించింది. వంకరగా అచ్చుపడి పనికిరాని అగ్గిపెట్టె బొమ్మల్ని పాత క్యాలెండరు కాగితాల వెనక అతికించి, గోనెసంచి దారంతో కుట్టింది. చిలక, ఓడ, తామర, మధ్యలో ఒక ఏనుగు.

"దీంట్లో అచ్చరాలు లేవురా. తప్పు చదివినానని ఎవురూ చెప్పలేరు" అని నవ్వింది.

నవ్విందని నేను అంతటితో మరిచిపోయాను.

పాప పెరిగింది, చదువుకుంది, తూత్తుకుడి రేవులో ఉద్యోగానికి వెళ్లింది. నా పిల్లను పెంచి నీకేం మిగిలిందని ఒకసారి అక్కను అడిగాను.

"ఆమీద ఏమాయె అత్తా అని నోరు తెరుచుకుని చూసేది కదరా, ఆ మొగం. అది నాకే కదా దొరికింది, నీకి దొరకలే."

దెప్పడానికి అన్న మాట కాదు. ఆమెకు దెప్పడం రాదు. జీవితంలో నేను చదివిన పుస్తకాలు రెండు గదులకు సరిపోతాయి. వాటిలో ఒక్కటీ ఎవరికీ చివరిదాకా చదివి వినిపించలేదు.

పదహారో రోజు వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, ఐదేళ్ల మనవరాలు అక్క కుట్టిన ఆ బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఏనుగు దగ్గర ఆగింది.

"ఏనుగు" అన్నాను.

"ఏనుగని తెలుసు తాతా. ఆమీద?"

పేజీ తిప్పాను. తామర. వెనక్కి తిప్పాను. మళ్లీ ఏనుగే. మనవరాలు నా మొహం చూసి, వాళ్లమ్మ వైపు తిరిగి మామూలుగా చెప్పింది.

"అమ్మా, తాతకి చదవ తెలీదు."

మా అమ్మాయి పుస్తకం అందుకుంది. ఈ ఏనుగు వాళ్లత్తకి ఉప్పు తెచ్చేకి తూత్తుకుడికి పోతుండాది అని మొదలుపెట్టింది. ఒక్క మాట మారలేదు.

నేను లేచి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. కుండ మీద పలక ఇంకా ఉంది. చెక్క చట్రం నీటికి ఉబ్బి నల్లబడింది. రాతి మీద ఒక్క గీత లేదు. చాలా ఏళ్లు బావను తిట్టుకున్నాను, బడుల్ని తిట్టుకున్నాను, సంఘం పెద్దల్ని ఇప్పటికీ తిడతాను. కాని ఆమెకు పలక అమ్మినవాడు కూడా తన పని తాను చేశాడు. చేయనివాడు ఒక్కడే. ఆ విరుదునగర్ చరిత్ర పంతులు, ఆమె తమ్ముడు, నేను.