గాజుల మీదుగా కొలత

మా మేడం పోయారని మొన్న పొద్దున జనగామ నుంచి ఫోన్ వచ్చింది. నాకు కుట్టుపని నేర్పింది ఆమే. ఫోన్ పెట్టేశాక కూడా ఆమె గొంతే చెవుల్లో ఉంది: "మనిషికి తగ్గ అంగి కుట్టాలె గానీ, అంగికి తగ్గ మనిషిని ఎతుకుతమానే?"

తెలంగాణ కోసం రోజూ ఎక్కడో ఒకచోట బంద్ జరుగుతున్న కాలంలో, ఆ మాటను ఆమె నిజంగానే పట్టుకుని తిరిగారు. రెడీమేడ్ బట్టలకు మన దేశపు సైజులు ఉండాలని, అన్ని ప్రాంతాల మనుషుల ఒంటి కొలతలు తీసే సర్వేకు అప్పుడు ప్రణాళిక వేస్తున్నారు. మా వైపు ముందుగా కొలిచి చూసే పని మేడంకు అప్పగించారు. ఆమె భూపాలపల్లి బొగ్గుగని క్వార్టర్లతో పాటు గంగారం దగ్గరి తండాను కూడా ఎంచుకున్నారు.

"తండా ఆడవాళ్లు కొలతలివ్వరు, వదిలేయండి" అన్నారు పైవాళ్లు. వదిలేస్తే మా అడవి ఊళ్ల మనుషులు దేశం కొలతల్లోకే రారు. మేడం పంతం పట్టారు. బస్సులు బంద్ అయితే ఆమె, నేను ఆటోలో ఇరుక్కుని పోయాం.

తీరా వెళ్లాక తప్పు మేమే చేశాం. కొలిచేటప్పుడు దండచేయి ఖాళీగా ఉండాలన్నది నిబంధన. మేడం ఒక అవ్వను గాజులు తీయమన్నారు. ఆ తండాలో మోచేతి పైన వేసుకునే గాజులు భర్త ఉన్నంతకాలం తీయరు.

"మా ముసలోడు గాడ కూసున్నడు. బతికుండంగనే తియ్యమంటవా బిడ్డా?" అంది అవ్వ. ఆడవాళ్లంతా లేచి ఇళ్లలోకి పోసాగారు.

మేడం ముఖం చిన్నబోయింది. "తప్పయింది అవ్వా" అంటూ టేపు ఆమె చేతిలోనే పెట్టారు. "ముందుగాల నువ్వే నన్ను కొలువు. ఎనుక నీ గాజుల మీదికెల్లి నేను కొలుస్త. కైకిలి పనికి పొయ్యేటప్పుడు అంగి ఏసుకునేది గాజుల మీదనే గద!"

తర్వాత పైవాళ్లతో మేడం గట్టిగా వాదించారు. ఒంటి మీది నుంచి తీయని నగలను తీయించకుండా కొలవాలన్న మాట ప్రణాళికలో చేరింది, ఆ తండా కూడా చేరింది. వాళ్ల ఆఫీసు నుంచి బయటికొచ్చి, "మనోళ్లు గూడ ఉన్నరే ఇగ" అని నా భుజం చరిచారు. అంత సంతోషం ఆమెలో మళ్లీ చూడలేదు.

ఇప్పుడు మానుకోటలోని నా దుకాణానికి ఎవరొచ్చినా టేపు ముందు వాళ్ల చేతికే ఇస్తాను. నవ్వుకుంటారు, కుదుటపడతారు. మేడంకు నేను రుణపడ్డది ఒక్క కుట్టుకే కాదు.

ఫోన్ వచ్చినప్పటి నుంచి ఆ తండా వాకిలే కళ్ల ముందుంది. మేడం చేతులు చాచి, పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డారు. ఆమె నడుముకు టేపు చుట్టి అవ్వ గదమాయిస్తోంది: "ఊపిరి ఇడువు బిడ్డా! ఉన్నదున్నట్టు కొలవాలె."

ఇళ్లలోకి పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. మేడం పకపకా నవ్వి, ఊపిరి వదిలారు.